వెబ్‌సైటు మూలన బొమ్మా, లోపల మరమ్మతా: ఏది మేలు?

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర బట్టల షాపు ఆయన అడిగారు, పొందూరు ఖాదీ అమ్మే ఇంకొకాయన అడిగారు, మొన్న విజయనగరం నుంచి ఒక స్కూలు కరస్పాండెంట్ కూడా ఫోన్ చేసి అదే అడిగారు. "దివ్యాంగులకి పనికొచ్చేలా సైటు ఉండాలంటన్నారు కదా. ఆ మూలన చేతులు చాచిన మనిషి బొమ్మ పెట్టించేస్తే సరిపోద్ది కదేటి?"

ఆ బొమ్మ ఒక విడ్జెట్. ఏడాదికింత అని కట్టి, ఒక లైను కోడ్ అతికిస్తే వచ్చేస్తుంది. నొక్కితే అక్షరాలు పెద్దవి చేయడం, రంగులు మార్చడం, పైకి చదివి వినిపించడం లాంటివి కనిపిస్తాయి. రెండో దారి, సైటు కోడ్ విప్పి తప్పులు ఒక్కొక్కటీ సరిచేయడం. సైట్లు తయారుచేసే పనిలో నేను రెండూ చేశాను. మొదట బొమ్మ పెట్టాను. ఈ ఏడాది అది తీసేసి, మరమ్మతు మొదలుపెట్టాను.

మనసు మార్చింది మా వీధి మేస్టారు. ఆయనకు చూపు లేదు. ఫోన్‌లో తెర మీదున్నది పైకి చదివే టాక్‌బ్యాక్ పెట్టుకుని బ్యాంకు పని, కరెంటు బిల్లు, వార్తలు అన్నీ తనే చూసుకుంటారు. అడ్మిషన్ల సమయంలో మేనకోడలి కోసం ఒక డిగ్రీ కాలేజీ ఫారం నింపబోయారు. ఆ సైటు చేసింది నేనేనని తెలిసి కబురు పెట్టారు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

ఆయన తెర మీద వేలు జరుపుతుంటే ఫోన్ చదువుతోంది. "అన్‌లేబుల్డ్, బటన్." ఇంకొంచెం కిందికి జరిపితే "అన్‌లేబుల్డ్, బటన్." తర్వాత "ఇమేజ్", దాని వెనకాల ఫైలు పేరులోని అంకెలన్నీ. ఆ ఇమేజ్ ఫీజుల పట్టిక. ఆ రెండు బటన్లలో ఒకటి "దరఖాస్తు", ఇంకొకటి "మెనూ". ఏది ఏదో వినేవాళ్లకు తెలిసే దారి లేదు. మధ్యలో విడ్జెట్ పెట్టె తెరుచుకుని అడ్డం వచ్చింది. దాన్ని మూసి మళ్లీ పైనుంచి మొదలుపెట్టారు. మూడోసారి కూడా అది అడ్డం వచ్చాక ఫోన్ పక్కన పెట్టి, "బాబూ, నాకు చదివిపెట్టే గొంతు నా ఫోన్‌లోనే ఉంది. మీరు రెండోది తెచ్చి పెట్టారు. చదవడానికి మాత్రం లోపల ఏమీ పెట్టలేదు" అన్నారు.

నా దృష్టిలో తేల్చే విషయం ఇదొక్కటే. చూపు లేనివాళ్లు మన సైటుకు ఖాళీ చేతులతో రారు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ, ఇలా ఎవరి సాధనం వాళ్లకుంది, ఎవరి వేగం వాళ్లు పెట్టుకుని ఉంటారు. అక్షరాలు పెద్దవి కావాలన్నా ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఆ వీలుంది. ఆ సాధనానికి అందేలా లోపల అక్షరం ఉందా లేదా అన్నదే అసలు సంగతి. ఫొటోలో ఉన్న ఫీజు పట్టికకు పక్కన ఏ వివరమూ రాయకపోతే, అందులోని అంకెలు సరిగ్గా చెప్తానని ఏ విడ్జెట్టూ హామీ ఇవ్వలేదు.

తెలుగు సైటుకైతే ఇది రెండింతలు నిజం. మన దగ్గర ప్రింటింగ్ ప్రెస్‌లో ఏళ్ల తరబడి నడిచింది అను ఫాంట్లు. వాటిలో కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అక్కడ చేసిన పాంప్లెట్‌ను అలాగే సైటులోకి ఎక్కిస్తే స్క్రీన్ రీడర్ (టాక్‌బ్యాక్ లాంటి చదివే సాధనం) ఆ గుర్తులనే చదువుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లోనైతే చదవడానికి అక్షరమే ఉండదు. యూనికోడ్‌లో, అంటే లోపల కూడా తెలుగు అక్షరమే ఉండే పద్ధతిలో, టైపు చేసిన పీడీఎఫ్‌లో కూడా ఒక్కోసారి ఒత్తులు చెదిరిపోతాయి. అందుకే ముఖ్యమైన సమాచారం యూనికోడ్‌లో నేరుగా పేజీలోనే రాయమని అందరికీ చెబుతున్నాను. ఇంకో చిన్న పని ఉంది, చాలామంది మరిచిపోతారు. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పాలి. ఇంగ్లీషు అని వదిలేస్తే కొన్ని స్క్రీన్ రీడర్లు తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడతాయి, లేదా ఏమీ అనకుండా దాటేస్తాయి. మార్చాల్సింది రెండక్షరాలే.

విడ్జెట్ వైపు చెప్పుకోదగ్గది లేకపోలేదు. ఒక్క రోజులో అయిపోతుంది. శుక్లాలొచ్చి చూపు మసకబారిన పెద్దవాళ్లు, ఫోన్ సెట్టింగ్స్ జోలికి వెళ్లనివాళ్లు, ఆ బొమ్మ నొక్కి అక్షరం పెద్దది చేసుకోవచ్చు. కానీ తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టేసి, కనపడనివాళ్లు బొమ్మ నొక్కుకోండి అనేకన్నా, మొదటే ముదురు రంగు పెడితే ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5కి 1 ఉండాలని డబ్ల్యూసీఏజీ, అంటే సైట్లు దివ్యాంగులకూ అందేలా ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, చెబుతుంది. ఆ నిష్పత్తి లెక్కగట్టే ఉచిత సాధనాలు నెట్‌లో ఉన్నాయి.

విడ్జెట్ ఉంటే చట్టం నుంచి బయటపడతామని కొందరి ధీమా. 2025లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ, యాక్సెసిబీ అనే విడ్జెట్ కంపెనీని 10 లక్షల డాలర్లు కట్టమంది. తమ ఏఐ సాధనం ఏ సైటునైనా డబ్ల్యూసీఏజీకి సరిపోయేలా చేస్తుందని చేసిన ప్రచారం నిజం కాదన్నది దాని మీద అభియోగం. మన దగ్గర దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. కేవైసీ కోసం కెమెరా ముందు కన్ను ఆర్పలేక ఆగిపోయిన యాసిడ్ దాడి బాధితుల పిటిషన్, చూపు లేని ఒక వ్యక్తి పిటిషన్ కలిపి విని ఇచ్చిన తీర్పది. నాకు మాత్రం కోర్టు భయంకన్నా ఆ రోజు మేస్టారు ఫోన్ పక్కన పెట్టిన తీరే ఎక్కువ గుర్తుంది.

దివ్యాంగుల కోసం వేరే పేజీ చేద్దామా అని కూడా అడుగుతారు. వద్దు. ఆరు నెలలకే అందులో పాత ఫీజులు, పాత తేదీలు మిగిలిపోతాయి. వాట్సాప్ నంబరు పెడితే చాలదా అంటే, పెట్టండి, మంచిదే. ఫోన్ నంబరు ఒక్కటే ఉంటే వినపడనివాళ్లు మిమ్మల్ని అడిగే దారే లేదు. అయితే వాట్సాప్‌లో కూడా పోస్టర్ ఫొటో ఒక్కటే పంపకుండా, అందులోని విషయం కింద టైపు చేయాలి.

ఖర్చు సంగతికొస్తే, ఐదారు పేజీల షాపు సైటు సరిచేయడానికి నాకు రెండు మూడు రోజులు పట్టింది. బటన్లకు పేర్లు, ఫొటోలకు వివరం, ఫారంలో ప్రతి గడికీ విడిగా లేబుల్, మౌస్ లేకుండా ట్యాబ్ కీతో చివరిదాకా వెళ్లగలగడం, పని అంతా ఇదే. చేతులు సరిగా ఆడక కీబోర్డుతోనే నెట్టుకొచ్చేవాళ్లకు ఈ చివరిది ప్రాణం. కాలేజీ సైటు పెద్దది, మూడు వారాలైనా ఇంకా అవలేదు. విడ్జెట్‌కు ఏటా కట్టాలి, మరమ్మతుకు ఒకసారి పడే ఖర్చే ఎక్కువ. ఆ తర్వాత కొత్త పేజీ చేసినప్పుడల్లా జాగ్రత్తగా ఉంటే చాలు. అంత డబ్బు ఒక్కసారి పెట్టలేనివాళ్లు జనం ఎక్కువగా వాడే పేజీ ఒక్కటి ముందు చేయించుకోండి. షాపుకైతే ధరల పేజీ, కాలేజీకైతే దరఖాస్తు ఫారం. విడ్జెట్ డబ్బు అక్కడ పెట్టండి.

చేయించాక డెవలపర్ మాట మీద వదిలేయొద్దు. మీ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని మీ సైటులో ఒక్క ఫారం నింపి చూడండి. మొదటిసారి చేతులు తడబడతాయి, కొంచెం టెన్షన్ కూడా వస్తుంది. ఆపడం ఎలాగో ముందే చూసుకుని మొదలుపెట్టండి.

పోయిన ఆదివారం మేస్టారు మళ్లీ ఫారం తెరిచారు. ఈసారి "దరఖాస్తు, బటన్" అని వినిపించింది. పేరు, పుట్టిన తేదీ, గ్రూపు వరసగా నింపారు. ఓటీపీకి గడువు పెంచాం కాబట్టి మెసేజ్ విని తిరిగి వచ్చేలోపు పేజీ మూసుకుపోలేదు. దరఖాస్తు వెళ్లిపోయింది. సాయంత్రం ఫోన్ చేసి, "అంతా బాగుంది గానీ బాబూ, హాస్టల్ ఫీజు ఇంకా ఫొటోలోనే ఉంది, చూశావా?" అన్నారు. చూడలేదు. ఆ పట్టికే ఇప్పుడు టైపు చేస్తున్నాను.