అమ్మ డిపాజిట్, అమ్మ సంతకం

2019 జూన్‌లో అమ్మ పేరున, పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 15 లక్షలు వేశాం. నాన్న మిగిల్చి వెళ్లిన దానిలో పెద్ద భాగం అదే. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి నెలలు రాగానే తెనాలిలో అమ్మ సేవింగ్స్ ఖాతాలో 32,625 రూపాయల వడ్డీ పడేది. ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. 2020 ఏప్రిల్‌లో కొత్తగా చేరేవాళ్లకు రేటు 7.4 శాతానికి పడిపోయినా, చేరిననాటి 8.7 శాతమే మాకు అయిదేళ్లూ సాగింది. పెద్దవాళ్ల పోషణకు ఇంతకన్నా నిశ్చింత లేదని బంధువులందరికీ చెప్పేవాణ్ణి.

2023 డిసెంబరులో అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రి బిల్లు వరకు బీమా ఆదుకుంది. ఇంట్లో పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండే ఆయాకు మాత్రం అందులోంచి రూపాయి రాదు. ఆమెకు నెలకు 18,000. మా వడ్డీ నెలకు లెక్కేస్తే 10,875. మిగతాది అక్కా నేనూ వేసుకుందాం అనుకున్నాం. తీరా చూస్తే ఆ 10,875 కూడా చేతికి రాలేదు.

అమ్మ ఎడమ చేత్తో కష్టపడి చేసిన సంతకం నమూనాతో కలవలేదని చెక్కు తిప్పి పంపారు. ఏటీఎం కార్డు ఆమె ఎన్నడూ తీసుకోలేదు. ఈ స్కీములో జాయింటుగా భార్యాభర్తలే ఉండాలి, పిల్లల పేరు చేర్చరు. కానీ వడ్డీ పడే సేవింగ్స్ ఖాతాలో నా పేరు చేర్పించే వీలుండేది. చేర్చలేదు, అది నా తప్పే. నామినీగా ఉన్నానుగా అన్న ధీమాతో ఉండిపోయాను. నామినీకి హక్కు వచ్చేది ఖాతాదారు పోయాకే.

బ్యాంకులో "ఆవిడను ఒకసారి తీసుకురండి" అన్నారు. మంచం మీద పక్కకు ఒత్తిగిలడానికే ఇద్దరు పట్టాల్సిన మనిషిని! సొంత డబ్బు ఖాతాలో ఉండి, అమ్మ మందులకు మేం అప్పు తెచ్చిన రోజులవి. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

తర్వాత తెలిసింది, రిజర్వు బ్యాంకు దీనికి ఎప్పుడో దారి చూపిందని. జబ్బు వల్ల సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్ర వేయవచ్చు. చేతివేలు కాకపోతే కాలివేలి ముద్ర కూడా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. డెబ్బై దాటినవాళ్లకు ఇంటి వద్దే సేవలు అందించాలని 2017లో కూడా బ్యాంకులకు చెప్పింది. ఇవన్నీ కాగితం మీద రాసి, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. ఏడు వారాలు పట్టింది.

వచ్చిన అధికారి మాత్రం మంచివారు. మంచం పక్కన కుర్చీ వేసుకుని, "అమ్మా, మీ డబ్బు మీ అబ్బాయి తీసుకోవడం మీకు సమ్మతమేనా?" అని రెండుసార్లు అడిగారు. అమ్మ మాట ముద్దముద్దగా వస్తుంది. "నా కోసమే కదండీ, తియ్యనివ్వండి" అంది. రెండో సాక్షిగా, అదే బ్యాంకులో ఖాతా ఉన్న పక్కింటి పిన్నిగారు సంతకం చేశారు. పనిలో పనిగా సేవింగ్స్ ఖాతాలో నా పేరు కూడా చేర్పించాం.

2024 జూన్‌లో గడువు తీరినప్పుడు మరో మూడేళ్లు పొడిగించాం, అదీ వేలిముద్రతోనే. అప్పటి రేటు 8.2 శాతం కాబట్టి ఇప్పుడు మూడు నెలలకు వచ్చేది 30,750. ఆయా జీతం నెలకు 22,000కు చేరింది. రేటు మారకపోవడం ఒకప్పుడు వరంలా తోచింది కానీ, జీతాలు పెరిగే చోట వడ్డీ కదలకపోతే ఏటా మా చేతి నుంచి వేసే భాగం పెరుగుతూ పోతుంది. ఈ స్కీములో వేయగల గరిష్ఠ పరిమితిని 2023లో 30 లక్షలు చేశారు, కానీ కొత్తగా వేయడానికి మా దగ్గర లేదు. వడ్డీలో పన్ను పట్టుకోవద్దని కోరే ఫారం (మేం ఇచ్చినప్పుడు దాని పేరు 15హెచ్) ఏటా ఏప్రిల్‌లో ఇవ్వడం మరవకండి. ఒక ఏడాది మరచిపోతే పది శాతం పన్ను పట్టుకున్నారు, రిటర్ను వేసి తిరిగి రాబట్టుకోవాల్సి వచ్చింది.

మాకు సొంతిల్లు ఉంది, అక్కకూ నాకూ డబ్బు దగ్గర పేచీ లేదు, అమ్మకు తెలివి చక్కగా ఉంది. అందుకే ఈ స్కీము మాకు ఇంకా పనికొస్తోంది. మతిమరుపు జబ్బుతో సమ్మతి చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్లకు ఈ వేలిముద్ర దారి ఉండదు, కోర్టుకు వెళ్లాల్సి రావచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ల చెయ్యి ఇంకా ఆడుతుంటే, డిపాజిట్ వేసే రోజునే సేవింగ్స్ ఖాతాలో రెండో పేరు చేర్పించండి. మాకు తర్వాతి పొడిగింపు 2027 జూన్‌లో.