అద్దాలు వద్దంటే: కంటి వ్యాయామాలా, ఆరుబయట ఆటా?

పిల్లాడికి మైనస్ పవర్ (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వచ్చిందనగానే చుట్టాలు చెప్పే చిట్కాల్లో ఈ రెండూ తప్పకుండా ఉంటాయి.

ఖర్చు: ఆటకు ఏమీ లేదు. వ్యాయామాలూ ఉచితమే, ఆన్‌లైన్ కోర్సు కొననంతవరకు.

శ్రమ: కళ్లు తిప్పడం, అరచేతులతో మూసుకోవడం పది నిమిషాల పని. ఆటకు రోజూ రెండు గంటల పగటి వెలుతురు కావాలి. ట్యూషన్లున్న ఇంట్లో అదే అసలు కష్టం.

ఫలితం: మైనస్ పవర్‌కు కారణం చాలావరకు కనుగుడ్డు పొడవు పెరగడం. కళ్లు ఎంత తిప్పినా ఆ పొడవు తగ్గదు. న్యూయార్క్ కంటి వైద్యుడు విలియం బేట్స్ వందేళ్ల కిందట ప్రచారం చేసిన కంటి వ్యాయామాల పద్ధతి దెబ్బతిన్నది ఇక్కడే. పగటి వెలుగు మాత్రం రెటీనాలో (కంటి వెనక పొరలో) డోపమిన్ అనే రసాయనాన్ని పెంచి ఆ సాగుదలను నెమ్మదింపజేస్తుందని పరిశోధకుల అంచనా. వచ్చిన పవర్‌ను అదీ తీసెయ్యదు. రావడాన్ని వాయిదా వేస్తుంది, అంతే.

ప్రమాదం: సూర్యుణ్ణి తదేకంగా చూడమనే ‘వ్యాయామం’ జోలికి అస్సలు పోవద్దు, రెటీనా కాలిపోతుంది.

ఎవరికేది: ఇంకా అద్దాలు రాని బడి పిల్లలకు ఆటే. చదివేటప్పుడు రెండు కళ్లూ ఒకచోట నిలవక తలనొప్పి వచ్చేవాళ్లకు, డాక్టర్ చెబితే వ్యాయామాలు. బోర్డు కనిపించని పిల్లాడికి రెండూ చాలవు, అద్దాలు పెట్టించండి.