దేవమాలి దారుల్లో పరుగు: నాలుగు చలికాలాలు, మూడు ఫ్లీసులు

కొండ ఎక్కుతుంటే విప్పి పారేద్దామనిపించి, కొండ మీద నిలబడ్డాక ఇంకోటి తెచ్చుకోవాల్సింది అనిపించిన బట్ట నా మొదటి ఫ్లీసు, అంటే చలికి తొడుక్కునే బొచ్చు చొక్కా. వెచ్చగా లేదని కాదు. మరీ వెచ్చగా ఉండేది, అదే గొడవ.

మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా సెమిలిగూడ. మా తాత సాలూరు నుంచి ఘాటీ ఎక్కి వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు పెట్టాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా. షుగరు గీత దాటబోతోందని డాక్టరు హెచ్చరించాక పరుగు మొదలెట్టాను. హైవే మీద లారీలకి జడిసి పొలం గట్లకి, అక్కణ్ణించి కొండదారులకి మళ్ళాను. నవంబరు చివర్నుంచి ఫిబ్రవరి నడిమి దాకా వారానికి మూడు నాలుగు రోజులు, మామూలు రోజుల్లో 7, 8 కిలోమీటర్లు, ఆదివారం దేవమాలి వైపు 15 దాకా. ఇప్పటికి నాలుగు చలికాలాలయ్యాయి, మూడు ఫ్లీసులు మారాయి. కింద రాసిందంతా వాటిలో చెమటోడ్చి తెలుసుకున్నదే.

ముందు ఇక్కడి చలి సంగతి చెప్పాలి, ఎందుకంటే దానికో తిక్క ఉంది. ఊరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి 1672 మీటర్లు. పైకి పోయేకొద్దీ చల్లబడాలని లెక్క, వెయ్యి మీటర్లకి 6 డిగ్రీల పైచిలుకు. కానీ మబ్బులేని జనవరి రాత్రుల్లో బరువెక్కిన చల్లగాలి కొండల మీంచి జారి పల్లపు మళ్ళలో మడుగు కట్టేస్తుంది. తెల్లారి 5 గంటలకి గట్టు మీద నా సంచికి వేలాడే చిన్న థర్మామీటరు 6 చూపిస్తే, వంద మీటర్లు ఎక్కేసరికి 9 చూపిస్తుంది. ఇంకా పైకి పోతే చెట్లు పలచబడి గడ్డికొండలు వస్తాయి, అక్కడ గాలి పట్టుకుంటుంది. కింద మంచు తడి, నడుమ చెమట, పైన ఈదురుగాలి, అన్నీ గంటన్నరలోనే. ఒక్క చొక్కా ఈ మూడింటికీ జవాబు చెప్పాలి. అలాంటిది కొట్లో హేంగరుకి వేలాడుతుంటే చేత్తో తడిమి "అబ్బ, ఎంత మెత్తగా ఉందో" అని కొనేస్తాం.

నేనూ అలాగే కొన్నాను. చలి మొదలవగానే మనవైపు ఊళ్ళలో టిబెటన్ల స్వెట్టరు దుకాణాలు వెలుస్తాయి. మన ఒడిశాలోనే గజపతి జిల్లా చంద్రగిరిలో 1960ల నుంచీ వాళ్ళ శిబిరాలున్నాయి కాబట్టి మనకి వాళ్ళు కొత్త కాదు. ఒక దుకాణంలో ఆవిడ నా చేతిలో పెట్టిన ముదురు నీలం ఫ్లీసు రెండువైపులా బొచ్చు. మా ఆవిడ చూసి "ఇది గొర్రెదా, కుక్కదా?" అంది. మా కొట్లో కాటా మీద పెడితే 480 గ్రాములు. ఆ ఆదివారం దాన్ని తొడుక్కుని బయల్దేరా. మొదటి పది నిమిషాలు స్వర్గం. ఇరవై నిమిషాలకి మెడ దగ్గర జిప్పు లాగేశా. అరగంటకి లోపలి బనీను వీపుకి అతుక్కుపోయింది. పైన గడ్డికొండ మీదికొచ్చి ఫొటో కోసం రెండు నిమిషాలు ఆగానో లేదో, ఆ చెమటంతా ఒక్కసారి చల్లబడింది. పళ్ళు టకటకమన్నాయి. వెంట వచ్చిన మా బావమరిది విండ్‌చీటరు తీసిచ్చి, "ఏటి బావా, ఇంత బొచ్చుండీ వణుకుతావేటి?" అన్నాడు.

ఆ మాట నాకు బాగా పట్టుకుంది. బొచ్చుండీ ఎందుకు వణికాను?

ఫ్లీసంటే ఉన్ని కాదు, పాలియెస్టరు. దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా అల్లి, తీగ బ్రష్షులతో దువ్వి నూగు లేపుతారు. ఆ నూగులో గాలి ఇరుక్కుంటుంది. మనల్ని కాచేది ఆ గాలే, బట్ట కాదు. అమెరికాలో మాల్డెన్ మిల్స్ అనే నేత మిల్లు 1970ల చివర్లో దీన్ని ఈ రూపానికి తెచ్చింది. తర్వాత పోలార్‌టెక్ పేరుతో ప్రసిద్ధమైంది వాళ్ళ గుడ్డే. పాలియెస్టరు పోగు తన బరువులో అర శాతం కూడా నీళ్ళు తాగదు, నూలు పోగు 7, 8 శాతం తాగుతుంది. అందుకే ఫ్లీసు తడిసినా తొందరగా ఆరుతుంది. ఇదంతా నిజమే. కానీ అది తాగకపోయినంత మాత్రాన చెమట మాయమవదు కదా. నూగు దళసరిగా ఉంటే ఆవిరి బయటికి పోయే దారి పొడుగవుతుంది. పోయేలోపు కొత్త చెమట పడుతూనే ఉంటుంది. పరిగెత్తేవాడు పొయ్యిలాంటివాడు. వాడికి దుప్పటి కప్పితే కాగుతాడు. ఆగిన మరుక్షణం ఆ తడే వాడిని చంపుతుంది.

రెండోది విశాఖపట్నంలో కొన్నాను, ఈసారి తెలివిగా అనుకున్నా. ఫ్లీసు చీటీల మీద 100, 200, 300 అని అంకెలు కనిపిస్తే అవి చదరపు మీటరు గుడ్డ ఉజ్జాయింపు తూకం అనుకోవచ్చు, గ్రాముల్లో. మొదటిది 300 రకం అయ్యుంటుంది కాబట్టి ఇది 200 తీసుకున్నా. కింది దాకా జిప్పు, రెండు పక్క జేబులు, చూడ్డానికి ఆఫీసుకి కూడా వేసుకోవచ్చు. దీనితో రెండు చలికాలాలు లాగాను గానీ తృప్తి లేదు. పూర్తి జిప్పు ఉన్న చొక్కా మీద నీళ్ళ సీసాల వెస్టు బిగిస్తే, జిప్పు రొమ్ము దగ్గర పాములా వంకర తిరిగి గడ్డానికి తగులుతుంది. పక్క జేబుల్లో ఏం పెట్టినా అడుగడుక్కీ తొడకి కొట్టుకుంటుంది. వెస్టు పట్టీలు రుద్దుకునే భుజాల దగ్గర నెల తిరక్కుండా ఉండలు కట్టింది. ఉండల్ని బ్లేడుతో గీకబోయి ఒకచోట గుడ్డే కోశాను, అది నా తప్పు.

దాని కథ ముగిసింది మాత్రం నెగడు దగ్గర. పొట్టంగి దారిలో ఒక టీ బడ్డీ ఉంది. పొద్దున్నే ముందర దుంగలేసి మంట పెడతారు. పరుగయ్యాక చేతులు కాచుకుంటూ కూర్చున్నాను. ఒక నిప్పురవ్వ చిట్లి ఎగిరి మోచేతి మీద పడింది. నూలైతే కాసేపు రాజుకునేది, దులుపుకునేవాణ్ణి. ఇది చుట్టుకుపోయి బఠాణీ గింజంత కన్నం పడింది, అంచు గట్టిగా గాజులా తయారైంది, కింద చర్మం మీద చిన్న బొబ్బ. బడ్డీ పిన్ని "ప్లాస్టిక్ కట్టుకుని మంట దగ్గరికొస్తావేం బాబూ" అని నీళ్ళు పోసింది. ఆవిడ మాటలో అతిశయోక్తి ఏం లేదు, అది ప్లాస్టిక్కే. చలిమంటలు ఎక్కువగా ఉండే మనవైపు ఇది పెద్ద లోపమే అనాలి.

ఇక మూడోది. రెండోదానితో రెండో చలికాలం సగం అయ్యాక కొన్నాను, ఇప్పటికీ అదే వేస్తున్నాను. లోపలివైపు చదరంగం బల్లలా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ప్రతి గడీ చిన్న మెత్తటి దిండు, గడికీ గడికీ నడుమ పలచటి కాలువ. బయటివైపు నున్నగా ఉంటుంది. వెలుతురుకి పట్టి చూస్తే కాలువల్లోంచి అవతలి చెయ్యి లీలగా కనిపిస్తుంది. కొట్లో నాకు అదే నచ్చలేదు, "ఇంత పలచన దేనికి?" అనుకున్నా. ఆ పలచనే దాని గొప్ప. దిండ్లు ఒంటికి ఆని వేడి నిలుపుతాయి, చెమట ఆవిరి కాలువల్లోంచి పోతుంది. బరువు 215 గ్రాములు.

ఒకసారి సరదాకి మా కొట్లోనే పరీక్ష పెట్టా. దీన్నీ, 180 గ్రాముల నూలు టీషర్టునీ బకెట్లో ముంచి, గట్టిగా పిండి, కాటా మీద పెట్టాను. ఫ్లీసు 330, టీషర్టు 370. పెరట్లో నీడన దండెం మీద వేసి రెండు గంటలాగి మళ్ళీ తూచాను. ఫ్లీసు 225కి దిగిపోయింది, టీషర్టు ఇంకా 300 మీదే ఉంది. మా నాన్న గల్లాపెట్టె దగ్గర్నుంచి చూసి "బట్టలు కిలోల్లెక్కన అమ్ముతావేటిరా" అన్నారు.

నా అమరిక ఇప్పుడు ఇలా స్థిరపడింది. ఒంటికి పలచటి పాలియెస్టరు బనీను, దాని మీద ఈ గళ్ళ ఫ్లీసు, వెస్టులో గుప్పెడంత మడత పడే విండ్‌చీటరు. గళ్ళ ఫ్లీసులోంచి గాలి దూసుకుపోతుంది. ఎక్కేటప్పుడు అదే కావాలి, శిఖరం మీద అదే వద్దు. అందుకని చెట్లు దాటి గడ్డి మొదలవ్వగానే, ఇంకా చలి వేయకముందే, విండ్‌చీటరు తగిలించేస్తా. చలి పుట్టాక వేసుకుంటే ఆలస్యమైపోయినట్టే. దిగేటప్పుడు కాళ్ళకి పని తక్కువ, ఒళ్ళు వేడెక్కదు, కాబట్టి కింది ఊరొచ్చే దాకా విప్పను. బయల్దేరేటప్పుడు మాత్రం కాస్త వణుకుతూనే బయల్దేరాలి. గుమ్మం దగ్గరే వెచ్చగా ఉందంటే ఒక పొర ఎక్కువైందన్నమాట. 6 నుంచి 12 డిగ్రీల దాకా ఈ ఫ్లీసు నాకు సరిపోయింది. 14 దాటితే ఇంట్లోనే వదిలేసి, బనీను మీద విండ్‌చీటరు ఒక్కటే తీసుకెళ్తా. మీ ఒళ్ళు, మీ వేగం వేరైతే అంకెలు అటూ ఇటూ అవుతాయి.

కుట్టులో నాకు నచ్చినవి చెప్తా. జిప్పు రొమ్ము ఎముక కింది దాకా ఉంది, అంతకన్నా పొట్టిదైతే దండగ. ఎక్కుడులో దాన్ని పూర్తిగా దించి, చేతులు మోచేతుల పైకి లాగేస్తే సగం చొక్కా విప్పినట్టే. చేతులు అంత పైకి పోయేలా వదులుగా ఉన్నాయో లేదో కొట్లోనే లాగి చూసుకోండి. బొటనవేలి కన్నాలు మొదట హంగు అనుకున్నా గానీ, మంచు పొద్దుల్లో అవే నా చేతిమేజోళ్ళు. భుజం మీద కుట్టు లేదు, కొంచెం ముందుకి జరిపి కుట్టారు, వెస్టు పట్టీ కింద ఒరుసుకోదు. వెనక అంచు ముందుకన్నా నాలుగు వేళ్ళు కిందకుంది, వంగి ఎక్కేటప్పుడు నడుం బయటపడదు. టోపీ లేదు, నాకు అక్కర్లేదు కూడా. పరుగులో వెనక్కి పడి మెడ మీద కొట్టుకునే టోపీ కన్నా మన మంకీ క్యాపు వెయ్యి రెట్లు నయం, నవ్వితే నవ్వనీ.

నచ్చనివీ ఉన్నాయి. వాసన పెద్దది. పాలియెస్టరు చెమట వాసనని పట్టుకుని వదలదు, రెండు పరుగులకోసారి ఉతక్కపోతే ఇంట్లో ఒకే గదిలో ఉండలేం. ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని ప్లాస్టిక్ నూగు నీళ్ళలో పోతుందని తెలిశాక వాగులో ఉతకడం మానేశాను. తిరగేసి, చన్నీళ్ళలో, చేత్తోనే. బట్టలు మెత్తబడే సువాసన ద్రవం పోయకూడదు, అది పోగుల మీద పూతలా పట్టి తడి పాకే గుణాన్ని పాడుచేస్తుంది. ఇస్త్రీ అసలు వద్దు. ఒకసారి చెప్పడం మర్చిపోయి మిగతా బట్టలతో పాటు ఇస్త్రీకి వేశాం. వీపు మీద పెట్టె మూలంత మెరుపు మచ్చ వచ్చింది, అక్కడ గళ్ళు కరిగి ఒకటైపోయాయి. ఇప్పటికీ ఆ జాగాలో చెమట నిలుస్తుంది.

ఇంకోటి, ఇది మన దారుల ప్రత్యేకం: ఉత్తరేణి. వలిసె పూలు పచ్చగా విరిసే నాటికి గట్ల మీద ఉత్తరేణి కంకులు ఎండి సిద్ధంగా ఉంటాయి. బొచ్చు ఫ్లీసుతో వాటిని రాసుకుంటూ పోతే ఇంటికొచ్చి గంటసేపు గింజలు ఏరుకోవాలి. మొదటి ఫ్లీసుతో నేనూ మా అమ్మాయీ చాప మీద కూర్చుని ఏరిన రోజులున్నాయి. దీని పైభాగం నున్నగా ఉండటంతో అరచేత్తో దులిపితే రాలిపోతాయి. పులికంప ముళ్ళకి మాత్రం ఇదీ లొంగుతుంది. కుడి ముంజేతి మీద మూడుచోట్ల పోగు లాగింది. ఈమధ్య బెంగళూరు నుంచి మా బావమరిది వలలాంటి, ఇంకా తేలికైన ఫ్లీసు తెచ్చాడు. ఒక వారం అరువడిగి పరిగెత్తా. ఆరడంలో దీన్ని మించిపోయింది, సందేహం లేదు. కానీ రెండోరోజే కంప తగిలి బెత్తెడు చిరిగింది. వాడు ఏమీ అనలేదు గానీ అప్పట్నుంచి అడగడం మానేశాను. తీర్చిన బాటల మీద పరిగెత్తేవాళ్ళకి అది బాగుంటుందేమో. మన తుప్పల్లోకి వద్దు.

ఇవాళ కొత్తగా ఎవరైనా అడిగితే నేను చూడమనేవి మూడే: వెలుతురుకి పట్టి చూస్తే చెయ్యి కనపడాలి, జిప్పు రొమ్ము దాటాలి, చొక్కా చెయ్యి మోచేతి పైకి పోవాలి. పేరు ఏదైనా సరే. మిగిలిన డబ్బు మంచి విండ్‌చీటరు మీద పెట్టండి.

మొదటి నీలం ఫ్లీసు ఏమైందని మా ఇంటికొచ్చినవాళ్ళు అడగరు, ఎదురుగానే కనిపిస్తుంది. అమ్మ తొడుక్కుంది. తెల్లారి లేచి చోడి అంబలి కాయడానికి దానితోనే పొయ్యి ముందు కూర్చుంటుంది. మోచేతి మీది బొబ్బ మచ్చ చూపించి, నిప్పు దగ్గరికి అది వేసుకెళ్ళకే అని రోజూ చెప్తున్నా.

"పొయ్యి దగ్గర కాకపోతే చలి ఎక్కడ కాచుకుంటార్రా నాయినా" అంటుంది.