ఈపీఎఫ్ఓ ఆన్‌లైన్ సర్వీసు రివ్యూ: కంపెనీకి సొంత పీఎఫ్ ట్రస్ట్ ఉన్నవాళ్ళు తప్పకుండా చదవండి

ఐదుకి మూడు స్టార్లు. పీఎఫ్ నేరుగా ఈపీఎఫ్ఓకి (పీఎఫ్ నడిపే ప్రభుత్వ సంస్థ) కట్టే కంపెనీలో ఉన్నవాళ్ళకైతే నాలుగు ఇస్తాను, పీఎఫ్ డబ్బు తామే చూసుకోడానికి సొంత ట్రస్ట్ పెట్టుకున్న పెద్ద కంపెనీలో ఉన్నవాళ్ళకి మాత్రం రెండు దాటి ఇవ్వలేను. రెండు రకాల కంపెనీల్లోనూ పని చేశా కాబట్టి తేడా బాగా తెలిసింది.

ముందు బాగున్నవి చెప్తా. యూఏఎన్‌కి (మన పీఎఫ్ నంబరు) లింక్ అయిన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. 7738299899కి EPFOHO UAN TEL అని ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్సెమ్మెస్ పెడితే తెలుగులోనే వస్తుంది, మా ఇంట్లో పెద్దవాళ్ళకి ఇది చాలా పనికొచ్చింది. పాస్‌బుక్ సైటు నెలాఖర్లో బాగా స్లో, ఓటీపీ వచ్చేలోపే సెషన్ అయిపోతుంది, అయినా ఓపిగ్గా ఉంటే ఏ నెల ఎంత పడిందో కనపడుతుంది. 2025 జనవరి నుంచి పింఛను దేశంలో ఏ బ్యాంకులో అయినా, ఏ బ్రాంచిలో అయినా తీసుకోవచ్చు, ఊరు మారితే ఇక ఆఫీసుల చుట్టూ కాగితాలు పట్టుకుని తిరగక్కర్లేదు. ఇది నిజంగా మంచి పని.

అన్నిటికంటే నాకు నచ్చింది ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్. దీనికి లాగిన్ కూడా అక్కర్లేదు, కంపెనీ పేరు కొడితే ఏ నెల జీతానికి ఏ తేదీన డబ్బు కట్టారో, ఎంతమందికి కట్టారో చూపిస్తుంది. రూల్ ప్రకారం తర్వాతి నెల 15లోపు కట్టాలి. ప్రతి నెలా ఆలస్యం అవుతోంది అంటే ఆ కంపెనీ చేతిలో డబ్బు ఆడట్లేదని అర్థం, జీతాలు ఆగకముందే మనకి తెలిసిపోతుంది. కొత్త ఉద్యోగంలో చేరేముందు అందరూ ఇది చూడాలి, దయచేసి చూడండి.

ఇక ట్రస్టుల సంగతి. 1952 పీఎఫ్ చట్టంలో సెక్షన్ 17 కింద మినహాయింపు తెచ్చుకుని కొన్ని పెద్ద కంపెనీలు పీఎఫ్ డబ్బు తామే ట్రస్ట్ పెట్టి నడుపుతాయి, బీహెచ్ఈఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి, ప్రైవేటువీ ఉన్నాయి. ట్రస్ట్ ఇచ్చే వడ్డీ ఈపీఎఫ్ఓ ప్రకటించిన దానికంటే తగ్గకూడదు (2023-24కీ 2024-25కీ 8.25 శాతం), పెట్టుబడిలో నష్టమొస్తే కంపెనీయే పూడ్చాలి. రూల్ మంచిదే, కానీ పూడ్చాల్సిన కంపెనీయే మునిగిపోతుంటే ఆ హామీకి విలువ ఎంత? అదీకాక ట్రస్ట్ మెంబర్లకి ఈపీఎఫ్ఓ పాస్‌బుక్ సౌకర్యం లేదు, ఆ మాట వాళ్ళ సైట్లోనే రాసి ఉంటుంది. అంటే జీవితాంతం దాచుకున్న డబ్బు ఎంతుందో కంపెనీ చూపిస్తేనే చూడాలి, వాళ్ళు ఏడాదికోసారి స్లిప్ ఇస్తే ఏడాదికోసారే. రెండు స్టార్లు కోసింది దీనికే. నేను ఒక ట్రస్ట్ కంపెనీ నుంచి బయటికొచ్చాక ట్రాన్స్‌ఫర్ పెడితే ట్రస్ట్ వాళ్ళు అనెక్షర్ కె (పాత ఖాతా వివరాలు చూపే ట్రాన్స్‌ఫర్ కాగితం) పంపకుండా నెలల తరబడి తిప్పారు, ఈపీఎఫ్ఓని అడిగితే అది మా దగ్గర లేదు ట్రస్ట్‌ని అడగండి అంటారు, ట్రస్ట్‌కి మెయిల్ పెడితే జవాబే ఉండదు.

పెద్ద కంపెనీ కదా ఏమవుతుందిలే అనుకునేవాళ్ళకి రెండు విషయాలు గుర్తు చేస్తా. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ కంపెనీ కుప్పకూలినప్పుడు దాని బాండ్లలో బోలెడు కంపెనీల పీఎఫ్ ట్రస్టుల డబ్బు ఉంది, ఎందుకంటే కూలడానికి కొన్ని వారాల ముందు వరకూ దానికి ట్రిపుల్ ఏ రేటింగ్, అంటే అన్నిటికంటే భద్రమైనదని. ఆ తర్వాతి ఏడాది ఉత్తరప్రదేశ్ పవర్ కార్పొరేషన్ ఉద్యోగుల పీఎఫ్ డబ్బు 2,200 కోట్లకి పైగా డీహెచ్ఎఫ్ఎల్ అనే ఇళ్ళ లోన్ల కంపెనీలో ఇరుక్కుపోయింది, ఉద్యోగులు రోడ్డెక్కారు, మాజీ ఫైనాన్స్ డైరెక్టర్ని అరెస్ట్ చేశారు, కేసు సీబీఐకి వెళ్ళింది. అది ప్రభుత్వ కంపెనీ! ఆ డబ్బు ఎక్కడ పెడుతున్నారో లైన్‌మెన్‌కి ఎవరు చెప్పారు?

కంపెనీ దివాలా తీస్తే? ఇక్కడ చట్టం మన పక్షానే ఉంది. దివాలా చట్టం సెక్షన్ 36 ప్రకారం పీఎఫ్, పింఛను, గ్రాట్యుటీ ఫండ్ నుంచి కార్మికులకి రావాల్సిన డబ్బు బ్యాంకులు పంచుకునే ఆస్తిలో కలవదు. జెట్ ఎయిర్‌వేస్ కేసులో కూడా ఉద్యోగుల పీఎఫ్, గ్రాట్యుటీ బకాయిలు కట్టాల్సిందేనని దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ చెప్తే 2023 జనవరిలో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. కానీ 2019లో విమానాలు ఆగాయి, కోర్టు మాట ఎప్పుడొచ్చిందో చూడండి, అన్నేళ్ళు ఇల్లు ఎలా గడవాలి?

పింఛను భాగం మాత్రం ట్రస్ట్ ఉన్నా దాదాపు అందరికీ ఈపీఎఫ్ఓ దగ్గరే ఉంటుంది, ఈపీఎస్ 95 అనే ఉద్యోగుల పింఛను పథకం కింద. కంపెనీ వాటా నుంచి జీతంలో 8.33 శాతం దీనికి వెళ్తుంది, జీతాన్ని 15,000 వరకే లెక్కేస్తారు కాబట్టి నెలకి 1,250 దాటదు. అందుకే భద్రత ఉంది కానీ మొత్తం చాలా తక్కువ. 15,000 జీతం మీద 35 ఏళ్ళ సర్వీసుకి లెక్క కడితే నెలకి 7,500 పింఛను వస్తుంది. కనీస పింఛను 2014 నుంచి వెయ్యి రూపాయలే, బీపీ షుగర్ మందులకే చాలదు, దీని మీద నాకు చాలా కోపం ఉంది.

ట్రస్ట్ కంపెనీలో ఉన్నవాళ్ళు ఏటా స్లిప్ అడిగి తీసుకుని పీడీఎఫ్ దాచుకోండి, అందులో వడ్డీ ఈపీఎఫ్ఓ రేటుకి తగ్గిందేమో చూడండి, ట్రస్టీల్లో సగం మంది ఉద్యోగుల తరఫు వాళ్ళే ఉండాలి కాబట్టి వాళ్ళెవరో కనుక్కుని డబ్బు ఏ బాండ్లలో పెట్టారో అడగండి. జవాబు రాకపోతే ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో (ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల సైటు) కంప్లయింట్ పెట్టండి, నా ట్రాన్స్‌ఫర్ చివరికి అక్కడ రెండోసారి రాశాకే కదిలింది. ట్రస్ట్ బ్యాలెన్స్ కూడా పాస్‌బుక్‌లో నెలనెలా కనపడేలా చేసిన రోజు వచ్చి ఆ రెండు స్టార్లు కలిపేస్తా.