ఒకటో తరగతి లెక్కల పెట్టె: పూసల దండ కోసమైనా కొనొచ్చు

చిన్న పిల్లలకు లెక్కలు నేర్పే వస్తువులుండే చెక్క లెక్కల పెట్టెల్లో అసలు పనికొచ్చేది పూసల దండ. పది ఎర్రవి, పది తెల్లవి మార్చి మార్చి గుచ్చిన 100 పూసలు. 34 చూపించమంటే పిల్ల మూడు పదుల గుంపులు జరిపి, నాలుగు విడి పూసల దగ్గర క్లిప్పు పెడుతుంది. ప్రతిసారీ ఒకటి నుంచి లెక్కపెట్టే అలవాటు అట్ల తగ్గుతుంది. దండను పిల్లల ఛాతీ ఎత్తులో కట్టాలె. పైన కడితే టీచరే జరుపుతారు, పిల్లలు చూస్తూ కూర్చుంటారు. దారం కనీసం జానెడు వదులుండాలె, లేకుంటే పూసలు కదలవు.

పదేసి కట్టలు కట్టే పుల్లలు మంచిగున్నయి, కట్టడానికిచ్చిన రబ్బరు బ్యాండ్లే దండగ. ఎండాకాలం సెలవులు దాటితే జిగటై తెగిపోతాయి. బదులు నూలు దారం ఇవ్వండి. పది పుల్లలకు దారం చుట్టి కొన దోపుతుంటే వేళ్లకు పట్టు వస్తుంది, పెన్సిల్‌కు కావాల్సింది ఆ పట్టే. ఆరేళ్లకు అందరికీ ముడి రాదు, తొందరపెట్టొద్దు.

స్థాన విలువ కార్డులు మరీ పలుచన. 30 కార్డు మీద 4 కార్డు పెడితే సున్నా పూర్తిగా మూసుకుని 34 కావాలె, ఇక్కడ సున్నా కనిపించి పిల్లలు 304 అని చదువుతారు.

లెక్కపెట్టడానికిచ్చిన గవ్వలు పోతే చింతగింజలు వేయండి, ముక్కులో చెవిలో పెట్టుకోకుండా కనిపెట్టండి. ఇంట్ల ఉన్నయని ఆముదం గింజలు మాత్రం వద్దు, అవి విషం. 30 మందికి ఒక్క పెట్టె చాలదు, ఆరుగురికొకటి కావాలె.