గునుగా, సీతజడనా? రెండూ పెంచి చూసిన

పోయినేడు జూన్‌ల వానలు పడంగనే మా హన్మకొండ ఇంటి డాబా మీద రెండు కుండీలల్ల బతుకమ్మకు పేర్చే రెండు రకాల పూల గింజలు వేసిన, ఒకదాంట్ల పత్తి చేను గట్టు మీద దూసుకొచ్చిన గునుగు, ఇంకోదాంట్ల కొన్న సీతజడ ప్యాకెట్. రెండూ ఒకటే జాతి, గింజలు గూడ ఒక్కతీరే, నల్లగ మెరుస్తయి, ఆవాల కన్నా సన్నం, అరచేతిల పోసుకుంటే గాలికే ఎగిరిపోతయి. మీద మట్టి పల్చగ జల్లాలె, లోతుకు పోతే సరిగ మొలవయి.

గునుగుకు సేవ అక్కర్లేదు, రైతుకు అది కలుపు మొక్కనే కదా, ఎండ తగిలితే చాలు. నేనే ప్రేమ ఎక్కువై రోజూ నీళ్లు పోస్తే రెండు మొక్కలు వేరు కుళ్లి పోయినయి. సీతజడకైతే పశువుల ఎరువు వేసిన, పువ్వు బరువుకు వంగుతుంటే పుల్ల పాతి కట్టిన.

ఎంగిలిపూల నాటికి, అంటే బతుకమ్మ మొదటి రోజుకు, సీతజడ ముదురు ఎరుపుల మస్తుగుండె. గునుగు తెల్లగ, కొసకు లేత గులాబి, కట్టలు కట్టి రంగునీళ్లల్ల ముంచాలె. కానీ ఒక్క కుండీ గునుగు బతుకమ్మకు ఒక వరుస గూడ రాలె, అమ్మ ఒకటే నవ్వుడు, "గీ పిడికెడు పువ్వుకు మూడు నెల్లారా?" అని. నన్నడిగితే కుండీకి సీతజడనే, గునుగుకు నేల జాగ కావాలె. ఎండిన గునుగును మాత్రం పీకకుండ్రి, రాలిన గింజలే మళ్ల వానకు మొలుస్తయి, ఈసారి మా గులాబి కుండీల గూడ లేచినయి.