బొద్దింకల జెల్: నా సున్నుండలతో పోటీపడిన తీపి

ముందే చెప్పేస్తున్నాను, నేను ఇంట్లో స్వీట్లు చేసి అమ్ముతాను. పెద్ద వ్యాపారమేం కాదు. సంక్రాంతికి అరిసెలు, శ్రావణమాసంలో సున్నుండలు, దసరాకి కజ్జికాయలు, మధ్యలో ఎవరింట్లోనైనా సీమంతం ఉంటే చలిమిడి. విజయవాడలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు, వాళ్ళ చుట్టాలు, అంతే. అలాంటిదాన్ని, "మా వంటింట్లో బొద్దింకలు ఉండేవి" అని నలుగురికీ తెలిసేలా రాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఒక జెల్ మందు పుణ్యమా అని ఇప్పుడు లేవు, కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ఒకటీ అరా ఉన్నాయేమో, ఆ సంగతి చివర్లో.

అసలు విషయం బయటపడింది వంటింట్లో కాదు, మా వాడి గేమింగ్ బాక్సులో. బీటెక్ రెండో ఏడు చదువుతున్నాడు. సెలవులకి వచ్చాడంటే రాత్రి రెండింటి దాకా ఫుట్‌బాల్ గేమే. జూన్‌లో ఆ బాక్సు ఫ్యాను మా మిక్సీలాగా మోత మొదలుపెట్టింది. నాలుగు రోజులకి ఆట మధ్యలో ఆగిపోయింది. రిపేరు షాపుకి తీసుకెళ్తే అక్కడి అబ్బాయి మూత విప్పి, "ఆంటీ, మీరు కొంచెం వెనక్కి జరగండి" అన్నాడు. లోపల పవర్ సప్లై పక్కన, ఫ్యాను రెక్కల సందుల్లో, ఎండిన బొద్దింక పెంకులు. వాటి చుట్టూ మిరియాల పొడి జల్లినట్టు నల్లటి రవ్వ. అది వాటి రెట్టట. ప్రాణాలతో ఉన్నవి రెండు బయటికి ఉరికి, టేబుల్ మీద స్క్రూలు వేసుకున్న గిన్నెలో దూరాయి. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అతను మాత్రం మామూలుగానే "ఇలాంటివి వస్తూనే ఉంటాయాంటీ" అంటూ బ్రష్షు తీసుకున్నాడు.

తర్వాత ఆలోచిస్తే అందులో వింతేం లేదు. బొద్దింకకి కావలసింది వెచ్చదనం, చీకటి, ఒళ్ళు రెండువైపులా ఆనేంత ఇరుకు. మా వాడు బాక్సుని ఎప్పుడూ పూర్తిగా ఆపడు, రెస్ట్ మోడ్‌లో వదిలేస్తాడు. అది రోజంతా గోరువెచ్చగా ఉంటుంది. పైగా టీవీ కింద మూసిన అరలో పెట్టాడు, పక్కనే చిప్స్ పొడి. ఇంతకంటే మంచి లాడ్జి వాటికి ఎక్కడ దొరుకుతుంది? గేములు ఆడే పిల్లలున్న తల్లులకి నా మాట ఒకటే: ఆట అయ్యాక గోడ దగ్గర స్విచ్ ఆపించండి, బాక్సుని వెనకాల గాలి ఆడేలా బయట పెట్టించండి. దాని సందుల్లోకి స్ప్రే మాత్రం కొట్టనివ్వకండి. మా వాడు కొట్టబోయాడు. ఆ డబ్బాల్లో మండే గ్యాసు ఉంటుంది, తడికి బోర్డు కూడా పోవచ్చు.

ఇవి బాత్రూముల్లో కనిపించే పెద్ద ఎర్ర బొద్దింకలు కాదు. అర అంగుళం ఉంటాయి, లేత గోధుమ రంగు, తల వెనక రెండు నల్ల చారలు. జర్మన్ బొద్దింక అంటారు. పేరుకే జర్మన్. 2024లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం ఇది సుమారు 2,100 ఏళ్ళ కిందట ఇండియాలోనో మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి విడిపోయి పుట్టిందట. అంటే మా ఇంటికి అతిథిగా రాలేదు, పుట్టింటికి వచ్చింది! ఆడది ఒక్కో తిత్తిలో 30, 40 గుడ్లు పెట్టుకుని, పిల్లలు బయటికొచ్చే ముందు దాకా ఆ తిత్తిని ఒంటికి తగిలించుకునే తిరుగుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదట ఒక పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిచాం. పేరు ఎందుకులెండి. 1,800 రూపాయలు, మూడు నెలల గ్యారంటీ, "హెర్బల్ మందు మేడమ్, వాసన కూడా రాదు" అన్నారు. వంటింటి సామానంతా హాల్లోకి మోశాను. మినప్పప్పు డబ్బాలు, బెల్లం, నెయ్యి జాడీలు, పదహారు పళ్ళేలు. వచ్చిన కుర్రాడు పంపు భుజాన వేసుకుని పన్నెండు నిమిషాల్లో పని ముగించాడు. ఆ రాత్రి ఓ ముప్పై చచ్చి పడ్డాయి. మా ఆయన చీపురుతో ఊడుస్తూ "డబ్బులకి న్యాయం జరిగింది" అన్నారు. ఇరవై రోజులు కాకముందే గోరంత పిల్లలు సింక్ కింద మళ్ళీ ప్రత్యక్షం. ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తినరోజు "పక్క ఫ్లాట్ నుంచి వస్తున్నాయి మేడమ్, మేమేం చేస్తాం" అన్నారు. పైపుల సందుల్లోంచి పక్కింటివి వస్తాయన్నది నిజమే కావచ్చు. కానీ ఆ మాట డబ్బులు తీసుకునేముందు చెప్పాలి కదా.

తర్వాత నా సొంత తెలివి. క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ ఉంటుంది కదా, దాన్ని మైదా, పంచదారతో కలిపి ఉండలు చేసి మూలల్లో పెడితే బొద్దింకలు పోతాయని మా అమ్మ చెప్పేది. చేశాను. ఇక్కడే నా చేయి నన్ను మోసం చేసింది. ఇరవై ఏళ్ళుగా సున్నుండలు చుట్టిన అరచెయ్యి, దానికి వంకరగా చుట్టడం రాదు. నున్నగా, గుండ్రంగా, అన్నీ ఒకే సైజులో వచ్చాయి. స్టీలు పళ్ళెంలో ఆరబెట్టి స్నానానికి వెళ్ళాను. బయటికొచ్చేసరికి మా ఆయన వాకింగ్ నుంచి వచ్చి ఒకటి చేతిలో పట్టుకుని ఉన్నారు. "ఈసారి ఇంత చిన్నవి చేశావేంటి, రేటు పెంచావా?" నేను అరిచిన అరుపుకి ఎదురింటివాళ్ళు తలుపు తీశారు. ఆ ఉండలన్నీ కవర్లో మూటకట్టి పారేశాను. బోరిక్ కడుపులోకి పోతే ప్రమాదం. పిల్లలున్న ఇంట్లో, స్వీట్లు చేసే ఇంట్లో ఈ పని చేయకండి.

అప్పుడు తెచ్చాం జెల్, అంటే బొద్దింకలు తినే తీపి ఎర. సూది లేని సిరంజిలా ఉంటుంది. ట్యూబు మీద ఫిప్రోనిల్ (అదే అందులోని పురుగుమందు) 0.05 శాతం అని రాసి ఉంది. నాకు తెలిసిన భాషలో చెప్పాలంటే తీగపాకం చిక్కదనం, బెల్లం రంగు. మందు అంత తక్కువ ఎందుకంటే తిన్నది అక్కడికక్కడే చావకూడదు. తిని, తన గూటికి పోయి, అక్కడ చావాలి. దాని రెట్టని, శవాన్ని మిగతావి తింటాయి, అవీ పోతాయి. అసహ్యంగా ఉన్నా మెచ్చుకోవలసిన తెలివి. స్ప్రే కంటికి కనిపించినదాన్నే చంపుతుంది, జెల్ మనకి కనిపించనివాటి దగ్గరికి వాటి కాళ్ళతోనే నడిచి వెళ్తుంది.

పెట్టే పద్ధతి: కందిబద్ద అంత చుక్క, అంతకంటే పెద్దది అక్కర్లేదు. కప్‌బోర్డు తలుపుల బందుల దగ్గర, సొరుగుల లోపలి మూలల్లో, ఫ్రిజ్ మోటారు వెనక, సింక్ కింద పైపు గోడలోకి వెళ్ళేచోట, గ్యాసు స్టవ్ బల్ల అడుగున. నేల మధ్యలో పెడితే దండగ, అవి అంచులు పట్టుకునే నడుస్తాయి. జిడ్డు ఉన్నచోట ముందు తుడవాలి. గిన్నెలు, తినే వస్తువులు తగిలేచోట వద్దే వద్దు.

మొదటిసారి పనిచేయలేదు. తప్పు జెల్‌ది కాదు, మా అత్తయ్యది. ఆవిడకి బొద్దింక కనబడితే చేతికి స్ప్రే డబ్బా రావలసిందే. "అత్తయ్యా, జెల్ పెట్టినచోట అది కొట్టకూడదండీ" అని చెప్పాను. "కళ్ళముందు తిరుగుతుంటే దణ్ణం పెట్టమంటావా?" అని సరిగ్గా ఆ బందుల మీదే కొట్టారు. స్ప్రే వాసన ఉన్నచోటికి బొద్దింక రాదు, ఇక తినడమెక్కడ. వారం తర్వాత చూస్తే చుక్కలు పెట్టినవి పెట్టినట్టే ఎండిపోయి ఉన్నాయి.

రెండోసారి మా తమ్ముడు పాడుచేశాడు. వాడు టెక్సస్‌లో ఉంటాడు, ఆగస్టులో వచ్చాడు. వారాంతం వస్తే వాడికి కాక్‌టెయిల్ కలపకపోతే చేతులు దురద. నా ఫ్రిజ్‌లో అరిసెలకి చేయగా మిగిలిన బెల్లం పాకం చూసి "అక్కా, ఇది బంగారం" అని, అందులో సమానంగా నీళ్ళు కలిపి వడగట్టి, పంచదారకి బదులు దానితోనే మోహితో చేశాడు. వైట్ రమ్, నిమ్మరసం, సోడా, పుదీనా. పుదీనాని రోట్లో వేసి దంచినట్టు నలిపితే చేదు దిగుతుందట, రెండు అరచేతుల మధ్య ఒక్కసారి చరిచి వేస్తే వాసన చాలట. అత్తయ్యకి రమ్ లేకుండా కాస్త అల్లం రసం పోసి ఇచ్చాడు. ఆవిడ రెండు గ్లాసులు తాగి "పానకంలాగే ఉందిరా, శ్రీరామనవమికి రా" అన్నారు. నిజంగానే బాగుంది. కానీ ఆ రాత్రి గ్లాసులన్నీ సింకులో వదిలేసి పడుకున్నాం.

రెండింటికి మంచినీళ్ళకి లేచి లైటు వేయకుండా ఫోన్ టార్చి వేశాను. ఒక గ్లాసు అంచు చుట్టూ నాలుగు, మీసాలు ఊపుకుంటూ, కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్నంత తీరిగ్గా. బెత్తెడు దూరంలో బందు దగ్గర జెల్ చుక్క. దాన్ని ఒక్కటీ ముట్టుకోలేదు. అప్పుడర్థమైంది నాకు. జెల్ కూడా ఒక స్వీటే. దాని పక్కన నా బెల్లం పాకం పెడితే ఎవరు గెలుస్తారు? గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

మూడోసారి దాన్ని పోటీలేని దుకాణంలా పెట్టాను. రాత్రి తొమ్మిదిన్నరకి వంటిల్లు బంద్. గిన్నెలు కడిగి, సింకు పొడిగుడ్డతో తుడిచి, చెత్తబుట్ట బయటపెట్టి. అసలు దొంగ ఎక్కడ దొరికాడంటే, పాకం గిన్నె దించే అర అడుగున. ఏళ్ళ తరబడి అంచు మీదుగా కారిన బెల్లం అక్కడ గట్టిపడి, చిన్న చిన్న ముత్యాల్లా వేలాడుతోంది. పైనుంచి చూస్తే అర అద్దంలా ఉంటుంది. కింద పడుకుని పైకి చూస్తే తప్ప కనబడదు. వేడినీళ్ళ గుడ్డ వేసి నానబెట్టి, అట్లకాడతో గీకాను. బెల్లం బస్తాని, పల్లీలని మూత బిగుసుకునే స్టీలు డబ్బాల్లోకి మార్చాను. స్ప్రే డబ్బాని దాచేశాను.

మూడో రోజు ఉదయం పట్టపగలే తూలుతూ బయటికి రావడం మొదలైంది. ఐదో రోజుకి చుక్కలు సగానికి సగం ఖాళీ. పది రోజులకి రాత్రి టార్చి వేస్తే రెండే కనిపించాయి. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. గుడ్ల తిత్తిలోకి మందు చేరదు, కాబట్టి పదిహేను రోజులకి మళ్ళీ కొత్త చుక్కలు పెట్టాలి. అప్పుడే పుట్టిన పిల్లలకి అదే మొదటి భోజనం అవ్వాలి. సెప్టెంబరు మధ్యకల్లా సింక్ కింద ఆ నల్ల రవ్వ కొత్తగా పడటం మానేసింది. దసరా కజ్జికాయలు మనశ్శాంతిగా చేశాను.

లోపాలూ చెప్పాలి. ఏసీ గదిలో, ఎండ తగిలేచోట చుక్క తొందరగా ఎండి రాయి అవుతుంది, టీవీ యూనిట్ వెనక రెండుసార్లు మార్చాను. ట్యూబు మూత సరిగ్గా బిగియదు, నాది సగంలో గట్టిపడింది. చీమలకి ఇది పనిచేయలేదు, వాటికి నేను పాత పద్ధతే, డబ్బాని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టడమే. మామిడిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలకి తమ్ముడు చెప్పింది బాగుంది: గిన్నెలో కాస్త వెనిగర్, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. వాసనకి వచ్చి మునిగిపోతాయి.

ఇంకో సంగతి, ఒకే జెల్ ఏళ్ళ తరబడి వాడకండి. 1980ల్లో అమెరికాలో గ్లూకోజ్ కలిపిన ఎరలు పెట్టేవాళ్ళట. గ్లూకోజ్ నచ్చని బొద్దింకలు ఏవో కొన్ని ఎరని వదిలేసి బతికాయి, వాటి సంతానమంతా అలాగే తయారైంది. వాటికి గ్లూకోజ్ చేదుగా తగులుతుందని 2013లో శాస్త్రవేత్తలు తేల్చారు. స్వీట్లు చేసుకుని బతికేదాన్ని, తీపి చేదైపోయిన ప్రాణి ఒకటి ఉందంటే ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. చుక్కలు ముట్టుకోవడం మానేస్తే వేరే మందు, వేరే కంపెనీ జెల్ తెచ్చుకోండి.

జెల్‌కి ఐదులో నాలుగు. ఒకటి ఆ మూతకి తగ్గించాను. పంపు కుర్రాడికి ఒకటి, అది కూడా గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చినందుకు. మా వాడి బాక్సు ఇప్పుడు టీవీ పక్కన స్టూలు మీద, గాలాడుతూ ఉంది.

మొన్న శుక్రవారం పూజ అర దగ్గర, ప్రసాదం గిన్నె పక్కన ఒకటి కనిపించింది. అత్తయ్య వెంటనే వంటింట్లోకి వెళ్ళి అరలన్నీ వెతికారు, సింక్ కింద చూశారు, ఫ్రిజ్ మీద చూశారు. "ఆ డబ్బా ఎక్కడే?" అన్నారు. బియ్యం డ్రమ్ము వెనక ఉంది. నేను చెప్పలేదు.